నిలకడ, తూగు: ఆదోని – ఎమ్మిగనూరు శ్రమచరిత్రలో కాలి అలసట, కంటిచూపు

వ్యాససంగ్రహం:

మనిషి నిలబడటం చూడటానికి చాలా సులువైన పని. అలసిన కాళ్లతో, మసకబారిన చూపుతో నిలబడవలసి వచ్చినప్పుడే అందులోని కష్టం తెలుస్తుంది. పశ్చిమ కర్నూలు ప్రాంతంలో, ముఖ్యంగా ఆదోని, ఎమ్మిగనూరు పరిసరాలలో, కరువు పనుల కూలీలు, చేనేత కార్మికులు, తాడుమీద నడిచిన కళాకారులు, మార్కెట్ హమాలీలు ఈ కష్టంతోనే బతికారు. తెలుగు నుడికారం, శరీరశాస్త్ర చరిత్ర, 1876–78 నాటి కరువు చర్చ, వృత్తిజీవితం అనే ఆధారాలతో ఈ అనుభవాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నిలకడ, తూగు, అలసట, చూపు, ధాత కరువు, చేనేత, హమాలీ, సుగ్గి.

1. మాటల సాక్ష్యం

తెలుగులో ‘తూగు’ అనే క్రియ మూడు పనులు చేస్తుంది. త్రాసులో సరుకు తూగుతుంది. ఉయ్యాల తూగుతుంది. నిద్ర ముంచుకొచ్చిన మనిషి కూర్చున్నచోటే తూగుతాడు. కన్నడంలో కూడా ‘తూగు’ అంటే తూచడం, ఊగడం. తమిళంలో ‘తూంగు’ వేలాడటాన్నీ నిద్రపోవడాన్నీ చెబుతుంది. బరువు, ఊపు, మగత అనే మూడింటినీ ఒకే మాట మోయడం ద్రావిడ భాషల పాత లక్షణం. కన్నడ, తెలుగులు ఒకే అరుగుమీద వినిపించే ఆదోని వంటి ఊళ్లో ఈ బంధుత్వాన్ని చూపడానికి నిఘంటువు అవసరం లేదు.

‘నిలకడ’ అనే మాట దేహం నుంచి స్వభావానికి పాకింది. ‘నిలకడ లేని మనిషి’ అన్నప్పుడు అతని కాళ్లను గురించి ఎవరూ ఆలోచించరు. ‘తూలు’ మాత్రం ఇంకా దేహాన్ని విడిచిపెట్టలేదు. మాట తూలినా, నోరు జారినా, వాటి వెనుక అడుగు తప్పిన మనిషి చిత్రం కనిపిస్తూనే ఉంటుంది.

ఈ వ్యాసానికి ముఖ్యమైన నుడికారం మరొకటి ఉంది. మనిషి స్పృహ తప్పి పడితే తెలుగువారు ‘కళ్లు తిరిగి పడిపోయాడు’ అంటారు. ‘తల తిరగడం’ కూడా వాడుకలో ఉన్నదే. అయినా పడిపోయే క్షణాన్ని మన భాష తరచుగా కంటికే అంటగడుతుంది: కళ్లు బైర్లు కమ్మాయి, కళ్లకు చీకట్లు కమ్మాయి. ఆ వెంటనే కాళ్ల ప్రస్తావన వస్తుంది: కాళ్లు తేలిపోయాయి, మోకాళ్లలో సత్తువ పోయింది. కన్ను ముందు, కాలు తరువాత. మాధవ నిదానంలో మూర్ఛ, భ్రమ, నిద్ర, తంద్ర, సన్న్యాసం అనే అవస్థలను ఒకే అధ్యాయంలో చెప్పడం కూడా ఇక్కడ గుర్తుకు వస్తుంది. కళ్లు తిరగడాన్నీ మగతనూ ఒకచోట చేర్చిన వైద్యుడూ, ‘తూగు’ను ఉయ్యాలకూ కునుకుకూ కలిపి వాడిన పల్లె మనిషీ ఒకే విషయాన్ని గమనించి ఉండాలి.

అలాగని నుడికారాన్ని ప్రయోగశాలగా భావించరాదు. భాషలో ఉన్నంతమాత్రాన అది శరీరధర్మం అయిపోదు. ‘మన పూర్వీకులకు అంతా ముందే తెలుసు’ అనే ధోరణి పరిశోధనకు మేలు చేయదు. నుడికారం చెప్పేది ఒక్కటే: ఈ అనుభవం కొత్తది కాదు, దానిని గమనించి పేరు పెట్టినవారు ఉన్నారు.

2. నిలబడటాన్ని శాస్త్రం ఎలా తెలుసుకొంది

నిటారుగా నిలబడిన మనిషి నిజానికి కదలకుండా ఉండడు. చీలమండల మీద అతని దేహం కొద్దికొద్దిగా ముందుకూ వెనుకకూ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును క్షణక్షణమూ సరిదిద్దడానికి మెదడుకు మూడు దారుల్లో సమాచారం అందాలి: కన్ను, లోపలి చెవి, కండరాల్లోనూ కీళ్లలోనూ అరికాళ్లలోనూ ఉండే స్పర్శ. ఈ మూడింటిని విడదీసి చూడటానికి ఐరోపా వైద్యులకు దాదాపు ఒక శతాబ్దం పట్టింది.

ఫ్రాన్సులో పియెర్ ఫ్లూరాఁ 19వ శతాబ్ది తొలి సగంలో పావురాల లోపలి చెవిలోని అర్ధవలయ నాళాలను కోసి, ఆ పక్షులు తమ కదలికల మీద అదుపు కోల్పోవడం గమనించాడు. 1861లో ప్రాస్పర్ మెనియేర్ కళ్లు తిరిగే జబ్బుకు చెవిలో మూలం ఉండవచ్చునని చెప్పాడు. ఈ రెండింటి మధ్య బెర్లిన్‌లో మోరిట్జ్ రోంబర్గ్ 1840లలో వెలువరించిన నాడీరోగాల గ్రంథం మన విషయానికి మరింత దగ్గరిది. వెన్నుపాము దెబ్బతిన్న రోగులు కళ్లు తెరిచి ఉన్నంతసేపు నిలబడగలిగేవారు. కళ్లు మూయమంటే ఊగి పడబోయేవారు. పొద్దున్నే మొహం కడుక్కోవడానికి కళ్లు మూసుకొన్నప్పుడు తూలడంతో ఈ జబ్బు బయటపడేదని వైద్యుల పరిశీలన. కాలి నుంచి రావలసిన కబురు ఆగిపోయినప్పుడు, ఆ లోటును కన్ను పూడ్చిందన్నమాట. కాలు చెప్పే ఆ కబురుకు శాస్త్రీయమైన పేరు పెట్టినవాడు చార్లెస్ షెరింగ్టన్, 1906లో.

అలసట చరిత్ర వేరే దారిలో నడిచింది. ఇటలీలోని టురిన్‌లో అంజెలో మోస్సో వేలితో బరువు లాగించి అలసటను గీతగా గీసే యంత్రం తయారుచేశాడు. 1891లో ‘అలసట’ అనే పేరుతోనే పుస్తకం ప్రచురించాడు. విద్యార్థులకు పరీక్షలు నిర్వహించి వచ్చిన తన సహోద్యోగుల వేళ్ల బలం తగ్గిపోయిందని ఆయన చూపిన ప్రయోగాన్ని అధ్యాపక పాఠకులు వెంటనే నమ్మగలరు.

కన్ను ఎంతగా నిలబెడుతుందో, అంతగానూ పడగొట్టగలదని 1974లో డేవిడ్ లీ, ఎరిక్ అరాన్సన్ చూపారు. నేల కదలదు, చుట్టూ ఉన్న గోడలు మాత్రం కదులుతాయి. అలాంటి గదిలో నిలబెట్టిన పసిపిల్లలు, కాళ్లకింద నేల స్థిరంగా ఉన్నా, తూలి పడ్డారు. ఇక ఈ రెండు దారులను కలిపిన ప్రయోగాలలో 2001లో నికొలా వ్యుయెర్మ్, అతని సహచరులు చేసినది ప్రధానమైనది. కాళ్ల కండరాలను అలసిపోయేలా చేసి, కళ్లు తెరిచీ మూసీ నిలబెట్టి చూశారు. అలసట వల్ల పెరిగిన ఊపు కళ్లు మూసినప్పుడు బాగా బయటపడింది. కళ్లు తెరిచి ఉన్నప్పుడు చూపు దానిని చాలావరకు అదుపు చేసింది. కాలు అలిసినకొద్దీ మనిషి కంటిమీద ఎక్కువగా ఆధారపడతాడు.

ఇది ప్రయోగశాలకే పరిమితమైన విషయం కాదు. తరగతిలో విద్యార్థులను ఒంటికాలిమీద నిలబెట్టి కళ్లు మూసుకోమంటే కొద్ది క్షణాలకే నవ్వులు మొదలవుతాయి. అదే పని ముప్పై గుంజీళ్లు తీయించిన తరువాత చేయిస్తే నవ్వులు ఇంకా ముందే వస్తాయి. ఆదోనిలో రణమండల కొండ ఎక్కి దిగినవారికి దిగేటప్పుడే తొడలు ఎందుకు వణుకుతాయో కూడా ఇందులోనే తెలుస్తుంది. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ బరువును ఆపాలి. ఆ పని దానిని ఎక్కువగా నలిపేస్తుంది. వెలుతురు ఉన్నప్పుడు దిగినవారికి అది తమాషా. పొద్దుగుంకాక దిగినవారికి మాత్రం మెట్టుమెట్టుకూ చేయి గోడను వెతుకుతుంది.

3. ధాత కరువు: తూకం మీద వాదన

ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఎమ్మిగనూరు కూడా ఆ తాలూకాలోని ఊరే. అందువల్ల ఈ ప్రాంతపు 19వ శతాబ్ది చరిత్రను బళ్లారి జిల్లా పత్రాలలోనే వెతకాలి. కర్నూలు జిల్లా మాన్యువల్‌ను మాత్రమే చదివి ఇక్కడి కరువు గురించి రాసే పొరపాటు మన సిద్ధాంతవ్యాసాలలో ఇప్పటికీ జరుగుతోంది.

1876లో రెండు రుతుపవనాలూ మొహం చాటేశాయి. తెలుగు లెక్కన అది ధాత నామ సంవత్సరం కనుక ఆ కరువుకు ధాత కరువు అనే పేరు వచ్చింది. మద్రాసు రాజధానిలో అతి తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాలలో బళ్లారి ఒకటి. 1871కీ 1881కీ మధ్య ఆ జిల్లా జనాభా సుమారు ఐదోవంతు తగ్గింది. రైలు లేకపోవడం దీనికి కారణం కాదు. మద్రాసు నుంచి రాయచూరు చేరే రైలుమార్గం 1871 నాటికే పూర్తయింది, అది ఆదోని మీదుగానే పోతుంది. ధాన్యం రైలెక్కి వచ్చింది. కొనడానికి జనం చేతిలో డబ్బు లేదు.

1877 జనవరిలో వైస్రాయ్ లిట్టన్ ప్రభుత్వం రిచర్డ్ టెంపుల్‌ను కరువు ప్రతినిధిగా దక్షిణాదికి పంపింది. ఖర్చు తగ్గించడం ఆయనకు అప్పగించిన పని. సహాయ పనుల్లో కూలి చేసే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దానిమీద కొద్దిపాటి చిల్లర చాలునని ఆయన నిర్ణయించాడు. అంతకుముందు ఇస్తున్నది పౌనున్నర. మద్రాసు శానిటరీ కమిషనర్ డబ్ల్యు.ఆర్. కార్నిష్ దీనిని గట్టిగా ఎదిరించాడు. ఖాళీగా పడుకొన్న మనిషి ప్రాణం నిలవడానికి కావలసిన తిండి వేరు, మట్టి తవ్వి రాళ్లు కొట్టే మనిషికి కావలసిన తిండి వేరు అన్నది ఆయన వాదన. పనిచేసే ఖైదీలకు జైళ్లలో పెట్టే తిండితో పోల్చి చూపాడు. ధాన్యంతోపాటు పప్పు, కూరగాయలు ఉండాలన్నాడు. వాదం నెలల తరబడి సాగింది. 1877 మధ్యనాటికి మద్రాసు ప్రభుత్వం ఆ కూలిని పెంచక తప్పలేదు. విలియం డిగ్బీ 1878లో అచ్చువేసిన దక్షిణ భారత కరువు చరిత్రలో ఈ వాదప్రతివాదాలు విస్తారంగా ఉన్నాయి.

ఈ చర్చను ఆర్థిక చరిత్రకారులు చాలాసార్లు పరిశీలించారు. ఇక్కడ చూడవలసింది మరొకటి. టెంపుల్ కొలిచింది ధాన్యపు తూకం. కార్నిష్ అడిగింది ఆ తూకం మీద మనిషి దేహం పగలంతా పనిచేసి నిలబడగలదా అని. ఒకరు తూకం గురించి, మరొకరు తూగు గురించి మాట్లాడారు.

సహాయం పొందడానికి పెట్టిన పరీక్షలు కూడా కాళ్లకు పెట్టిన పరీక్షలే. నిజంగా అవసరమున్నవాడే దూరం నడిచి పనికి వస్తాడని, నిజంగా ఆకలి ఉన్నవాడే పలుగూ పారా పట్టుకొంటాడని ప్రభుత్వం భావించింది. దూరం ఒక పరీక్ష, శ్రమ ఒక పరీక్ష. 1880 నాటి కరువు కమిషన్ నివేదిక, ఆ తరువాత వచ్చిన కరువు నియమావళులు శ్రమ పరీక్షను పునాదిగానే ఉంచాయి. ఈ తర్కంలో ఉన్న లోపం ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తుంది. ఆకలి మొదట తినేది కండరాన్నే. ఎక్కువ ఆకలితో ఉన్నవాడు తక్కువ దూరం నడుస్తాడు. పరీక్షలో నెగ్గినవాడు ఇంకా కొంత సత్తువ మిగిలినవాడు. దారిలో కూలబడినవాడు పరీక్షకు రాలేదు కనుక అవసరం లేనివాడి కింద లెక్క.

చూపు సంగతి ఈ చర్చలో దాదాపు వినిపించదు. వానల్లేని ఏడాది ఆకుకూర మొదట పోతుంది, ఆ తరువాత పాడి పోతుంది. విటమిన్ ఎ అందని కంటికి మొదట తగ్గేది మసక వెలుతురులో చూసే శక్తి. దానికి తెలుగులో రేచీకటి అనే పేరు ఎప్పటినుంచో ఉంది. ఆ విటమిన్ అమెరికా ప్రయోగశాలల్లో బయటపడింది 1913లో. మన దేశంలో పిల్లలకు ఆరునెలలకొకసారి పెద్ద మోతాదులో దానిని పోసే జాతీయ కార్యక్రమం హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970లో మొదలైంది. 1877లో కార్నిష్ కూరగాయలు కావాలన్నప్పుడు ఆయనకు ఈ కారణం తెలియదు, అయినా కోరిక సరైనదే. కండ కరిగిన కాలికి కన్ను తోడు కావాలి. సందెవేళ పని దిగి గుట్టలదారిన గుడిసెకు నడిచే కూలీకి ఆ తోడు కూడా ఉండి ఉండదు. మద్రాసు శిబిరంలో చనిపోయినవారి దేహాలను పరిశీలించి అలెగ్జాండర్ పోర్టర్ 1889లో ప్రచురించిన కరువు రోగాల గ్రంథం కండ ఎంతగా కరిగిపోతుందో చూపింది. శవం తూగదు కనుక ఆ పుస్తకంలో నిలకడ ప్రసక్తి ఉండే వీలు లేదు.

4. మగ్గం గుంట

చేనేతవారిని కరువు పరిపాలన కొంత వేరుగా చూసింది. రాయి కొట్టించి వేళ్లు మొద్దుబారితే వాళ్లు మళ్లీ నేతకు పనికిరారన్న అభిప్రాయంతో, వారి వృత్తిలోనే సహాయం అందించే ఏర్పాటు కరువు నియమాల్లో చోటుచేసుకొంది. వేళ్ల గురించి ఆలోచించారు. కాళ్ల గురించి, కళ్ల గురించి ఆలోచించినవారు తక్కువ.

గుంట మగ్గం ముందు నేతగాడు నేలమట్టానికి కూర్చుంటాడు, కాళ్లు గుంటలో ఉంటాయి. ఒక కాలు తరువాత ఒక కాలు తొక్కితే పడుగు విడుతుంది, నాడె దూకుతుంది, పలక పేకను దగ్గరకు కొడుతుంది. రోజంతా తొక్కే కాలు ఎప్పుడూ దేహం బరువు మోయదు. నిలబడే పని లేకుండానే పిక్కలు అలసిపోతాయి. కన్ను మాత్రం మూరెడు దూరంలో తెగిన పోగును వెతుకుతూ ఉంటుంది. సాయంత్రం గుంటలోంచి లేచిన క్షణంలో ఈ రెండూ ఒకేసారి ఎదురవుతాయి. కాళ్లలో నిలిచిన నెత్తురు పైకి రావడానికి కొంత సమయం పడుతుంది, కళ్లకు చీకట్లు కమ్ముతాయి. దగ్గరి పోగుకు అలవాటుపడిన చూపు దూరపు గడపకు వెంటనే కుదరదు. మగ్గాన్నో గోడనో పట్టుకొని కాసేపు ఆగి అడుగు వేయడం నేతవారి ఇళ్లలో ఎవరూ పట్టించుకోనంత మామూలు దృశ్యం.

దీనికి వయసు తోడవుతుంది. నలభై దాటితే దగ్గరి చూపు తగ్గడాన్ని మనవారు ‘చత్వారం’ అన్నారు, పేరులోనే నలభై ఉంది. చేనేతలో చత్వారం అంటే కూలి తగ్గడం. పోగు కనబడకపోతే గుడ్డలో తప్పులు పడతాయి. అందుకే కంటిశిబిరాల్లో ఇచ్చే దగ్గరి అద్దాలు నేతగాడికి నిజంగా ఉపకారం చేస్తాయి. అయితే అవే అద్దాలతో గుంటలోంచి లేచి నడిస్తే కాళ్లకింది నేల మసకబారుతుంది. పోగును చూపిన అద్దం గడపను దాచేస్తుంది. అద్దాలు ఇచ్చేవారు ఈ ఒక్క మాట చెప్పి ఇవ్వడం కష్టమేమీ కాదు.

1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. తరువాత పద్మశ్రీ అందుకొన్న ఆయన పేరు ఆ ఊరి చరిత్రతో పెనవేసుకొంది. నూలు సరఫరా, గుడ్డ అమ్మకం, కూలి భరోసా వంటి సంఘం విజయాల గురించి చాలామంది రాశారు. సహకారోద్యమ చరిత్రను గజాల్లోనూ రూపాయల్లోనూ రాసినంతగా మగ్గం మీది వెలుతురు గురించి రాయలేదు. గుంటలో కూర్చున్నవారికి కిటికీ ఏ ఎత్తున ఉంది, దీపం ఎటువైపు ఉంది, ఇంటికి కరెంటు ఏ ఏడాది వచ్చింది అనే ప్రశ్నలు మన క్షేత్రపర్యటన ప్రశ్నావళుల్లో కనిపించవు. వృద్ధ నేతకార్మికులు ఇంకా మన మధ్య ఉండగానే వాటిని అడగాలి.

5. తాడుమీద చూపు

రాయలసీమ పల్లెల్లో గడ పాతి, తాడు కట్టి, దానిమీద నడిచిన దొమ్మరుల విద్య ఈ విషయానికి మరో అంచు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాల, తెగల సంపుటాల్లో వారి గడవిద్యను వర్ణించాడు. తాడుమీద నడిచేవారు కాళ్లను చూసుకోరు, ఎదురుగా కదలని ఒక బిందువును చూస్తారు. చేతిలోని పొడవైన కర్ర దేహపు ఊపును నెమ్మదింపజేస్తుంది, సరిదిద్దుకోవడానికి క్షణం వ్యవధి ఇస్తుంది. లీ, అరాన్సన్‌ల కదిలే గది చెప్పిన పాఠాన్ని తలకిందులు చేస్తే వచ్చేది ఇదే: కదలనిదాన్ని చూస్తే మనిషి నిలుస్తాడు. ఇంతటి నిలకడ విద్య తెలిసిన జనాన్ని వలస ప్రభుత్వం నిలకడలేని సంచారులనే అనుమానంతో నేరస్థ జాతుల జాబితాలో చేర్చింది. ఆ ముద్ర తరువాత చట్టరీత్యా తొలగింది. కులం పేరు మాత్రం తిట్టుగా ఇప్పటికీ కొందరి నోట మిగిలింది.

6. బస్తా, పలక, సుగ్గి

ఆదోని పేరు చెబితే పత్తి మార్కెట్ గుర్తుకొస్తుంది. పత్తి, వేరుశనగ వచ్చే నెలల్లో యార్డు నిండా బస్తాలే. జిన్నింగు మిల్లుల్లో నొక్కి కట్టిన దూది బేలు ఒక్కొక్కటి 170 కిలోలు. దానిని కొక్కేలతో దొర్లిస్తారు. బస్తాను మాత్రం మనిషే వీపుమీదో తలమీదో మోస్తాడు. 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక మగకార్మికుడు మోసే బరువు 55 కిలోలకు మించకుండా చూడాలని సిఫారసు చేసింది. ఆంధ్రప్రదేశ్ 1976లో ముఠా, జట్టు, హమాలీ కార్మికుల ఉపాధి, సంక్షేమాల కోసం చట్టం చేసింది. కాగితం మీద ఇవి ఉన్నాయి.

బస్తా మోసేవాడి దేహంలో మూడు మార్పులు ఒకేసారి జరుగుతాయి. బరువు పైన చేరడంతో దేహపు గరిమనాభి పైకి జరుగుతుంది, కొంచెం ఊగినా ఎక్కువ ప్రమాదం. పిక్కలు, తొడలు పొద్దెక్కేకొద్దీ అలసిపోతాయి. మెడ వంగిపోవడం వల్ల, బస్తా అడ్డం రావడం వల్ల చూపు తన ముందున్న రెండడుగులకే పరిమితమవుతుంది. కాలు అలిసినప్పుడు ఆదుకోవలసిన కన్నును ఆ బస్తాయే కప్పేస్తుంది. లారీకి ఏటవాలుగా వేసిన పలకమీద ఎక్కేటప్పుడు ఇది మరీ ఎక్కువ. పలక అంచు కనబడదు, కాళ్లకింద అది కొద్దిగా వంగి ఊగుతుంది. రోంబర్గ్ రోగికి లేనిది కాలి కబురు ఒక్కటే. ఇతనికి కాలి కబురు మందగిస్తుంది, కంటి కబురూ సగమే అందుతుంది.

పని దొరకని నెలల్లో కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల నుంచి కుటుంబాలు ‘సుగ్గి’కి పోతాయి. కన్నడంలో సుగ్గి అంటే పంటకోతల పండుగ కాలం. సరిహద్దు దాటి తెలుగు పల్లెల్లోకి వచ్చేసరికి అది వలసకు పేరైంది. గుంటూరు ప్రాంతపు మిరప, పత్తి చేలల్లో తెల్లవారకముందే పని మొదలవుతుంది. రోజంతా నడుము వంచి ఏరిన ఆడవాళ్లు చీకటి పడ్డాక మూటతో గట్టుమీద నడుస్తారు. ధాత కరువు కూలీ నడిచిన సందెచీకటికీ దీనికీ మధ్య దాదాపు నూటయాభై ఏళ్ల దూరం ఉంది. ఆకలి తగ్గిందన్నది నిజం, అది చిన్న మార్పు కాదు. గట్టుమీద వెలుతురు లేకపోవడం మాత్రం అలాగే ఉంది.

ఆదోని యార్డులో ఈ వ్యాసకర్త గమనించిన ఒక అలవాటును ఇక్కడ చెప్పాలి. లారీ పలక ఎక్కే హమాలీకి కింద నిలబడ్డ తోటివాడు ఏదో ఒకటి అంటూనే ఉంటాడు: ‘ఎడమకు… ఇంకొంచెం… అంచు వచ్చె… ఎక్కన్నా’. వినేవారికి అది పనిలో పొద్దుపుచ్చే మాటలా అనిపిస్తుంది. ఎక్కేవాడు ఆ మాట ఆగితే ఆగుతాడు, మళ్లీ వినబడితే అడుగు వేస్తాడు. బస్తా దింపి వచ్చాక వాళ్లిద్దరూ చోట్లు మార్చుకొంటారు.